జాయింట్ లోపల పసుపు

1999 ఫిబ్రవరిలో నన్ను మంచినీటి పథకాల విభాగంలో అసిస్టెంట్ ఇంజనీరుగా నరసాపురం వేశారు. చేరగానే అప్పగించిన పని, మొగల్తూరు దాటాక సముద్రం వైపున్న ఒక ఊళ్ళో కొత్త సబ్‌మెర్సిబుల్ పంపు బిగించడం. ఆ ఊళ్ళో ఎక్కడ బోరు వేసినా ఉప్పునీరే. వేసవిలో కాలువలకు నీళ్ళు కట్టేసేలోపు కాలువ నీటిని తోడి చెరువు నింపుకోవాలి. మళ్ళీ కాలువ వదిలేదాకా ఊరంతా తాగేది ఆ నీళ్ళే. కాలువ కట్టడానికి అప్పటికి నెల కూడా లేదు.

సబ్‌మెర్సిబుల్ మోటారు నీళ్ళలో మునిగి పనిచేస్తుంది. దానితో వచ్చే కేబుల్ పొట్టిది కనుక పొడుగు కేబుల్‌ను దానికి అతకాలి. ఆ జాయింటు కూడా నీళ్ళలోనే ఉంటుంది. అందుకే గట్టున ఉండే ప్యానెల్ బోర్డులో కొన్ని కాపలా పరికరాలు పెడతాం. కాలువ నీరు జల్లెడ గుండా వచ్చి చేరే బావిలో పంపు ఉంటుంది. అందులో వేలాడే రెండు ఎలక్ట్రోడ్లు నీటిమట్టాన్ని కనిపెడతాయి. నీరు కిందికి పోతే మోటారు ఆగుతుంది. ఒక ఫేజు పోతే ఆపడానికి ప్రివెంటర్ వేరే. వీటన్నిటికన్నా ముఖ్యమైనది ఎర్త్ లీకేజీ రిలే. మోటారుకు వెళ్ళిన కరెంటులో కొంచెం నీళ్ళలోకి కారినా అది సరఫరా కోసేస్తుంది. ఇది మోటారు కోసం కాదు, నీళ్ళలో దిగే మనిషి కోసం. ఆ బావిలో దిగే మనిషి పంపు ఆపరేటర్ వెంకన్న. జల్లెడకు పట్టిన నాచు, గుర్రపుడెక్క తీయడానికి రోజూ రెండుసార్లు దిగేవాడు.

వైరింగ్ చేసింది మా వైర్‌మన్ సత్యనారాయణగారు. నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. జాయింటుకు రబ్బరు టేపు రెండు పొరలు లాగి చుట్టి, పైన ప్లాస్టిక్ టేపు వేసి, బకెట్ నీళ్ళలో అరగంట ముంచి, మెగ్గర్ అనే మీటరుతో ఇన్సులేషన్ చూడటం పద్ధతి. ఆయన మొదటి పొర చుట్టేసరికి సర్పంచిగారు పూజ సామాను పట్టించుకుని వచ్చారు.

"ముహూర్తం దాటిపోతోందండి, బొట్టు పెట్టేసుకుంటాం."

సత్యనారాయణగారు నా వైపు చూశారు. "ఇంకో పొర ఉందండి," అన్నారు.

"కానివ్వండి," అన్నాను సర్పంచిగారితో.

పంపుకీ, కేబుల్‌కీ, జాయింటుకీ తడి పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఆ తర్వాత ఆయన జాయింటు తుడిచి రెండో పొర చుట్టారు. ముహూర్తం మించకుండా దింపాలి కనుక బకెట్ పరీక్ష వద్దులెమ్మన్నాను.

పంపు వారం రోజులు బాగానే నడిచింది. ఆ తర్వాత రిలే పడిపోయి మోటారు ఆగిపోవడం మొదలైంది. మళ్ళీ ఎత్తితే గంట, తర్వాత పావుగంట. సముద్రపు గాలికి ఆ తీరంలో రిలేలు తుప్పుపట్టి ఊరికే పడిపోవడం మాకు అలవాటే. సర్పంచిగారు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చారు.

"ఏంటండీ ఏఈ గారూ, కాలువ కట్టేశాక మీ రిలే తాగమంటారా మమ్మల్ని?"

అందరూ నవ్వారు. సత్యనారాయణగారు, "రిలే పోయుంటదండి. డైరెక్ట్ ఇచ్చేద్దాం, చెరువు నిండాక మార్చుకోవచ్చు," అన్నారు. డైరెక్ట్ అంటే కాపలా పరికరాన్ని పక్కన పెట్టి మోటారుకు నేరుగా కరెంటు ఇవ్వడం. మా విభాగంలో అందరూ పలికే మాట, ఏ రిజిస్టరులోనూ రాయని మాట. నేను ఈసారీ సరేనన్నాను.

ఆయన ప్యానెల్ తెరిచి స్క్రూడ్రైవర్ పెట్టారు. పెట్టి, ఎందుకో వెనక్కి తిరిగి వెంకన్నను అడిగారు.

"ఒరే, నువ్వు దిగినప్పుడు ఏమన్నా తెలుస్తోందా?"

"రెండ్రోజులబట్టి కాళ్ళు చిమచిమలాడుతున్నాయండి. చీమలు కుడుతున్నాయేమో అనుకున్నా."

"నీళ్ళల్లో చీమలేంట్రా!"

జనం మళ్ళీ నవ్వారు. ఆయన నవ్వలేదు. మెయిన్ ఆపి, ఫ్యూజులు మూడూ పీకి జేబులో వేసుకున్నారు. "పంపు పైకి తియ్యాలండి," అన్నారు. ఒకటిన్నర రోజు పోతుందని సర్పంచిగారు గట్టిగానే గొడవ చేశారు. ఆయన వినలేదు.

మెగ్గర్ ముల్లు సున్నా దగ్గరే ఆగింది, అంటే ఇన్సులేషన్ పూర్తిగా పోయింది. జాయింటు కోసి చూస్తే రెండో పొర కింద పసుపు ఉంది. తడి పసుపు మీద రబ్బరు టేపు అతుక్కోదు. ఆ సందులోంచి నీరు లోపలికి చేరింది. రిలే బాగానే ఉంది. దాన్ని పక్కన పెట్టి ఉంటే సాయంత్రం వెంకన్న మళ్ళీ దిగేవాడు.

"తప్పు నాదేనండి," అని సత్యనారాయణగారు అందరి ముందూ అన్నారు. కొత్త జాయింటు చుట్టి, బకెట్లో ముంచి పరీక్షించి దింపాం. కాలువ కట్టేసరికి చెరువు రెండడుగులు తక్కువగా నిండింది. ఆ వేసవంతా ఊరికి రోజు విడిచి రోజు నీళ్ళు వదిలారు.

పై అధికారికి నేను పంపిన రిపోర్టులో "కేబుల్ జాయింటు లోపం, వైర్‌మన్ అజాగ్రత్త" అని ఉంది. సత్యనారాయణగారికి మెమో వచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నారు. ఆ తర్వాత పదేళ్ళు కలిసి పనిచేశాం, ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. మూడు నెలల కిందట పోయారు. సంతాప సభలో నన్నూ మాట్లాడమన్నారు. ఆయన మంచితనం గురించి నాలుగు మాటలు చెప్పి కూర్చున్నాను. చెప్పాల్సింది అది కాదు.

కాపలా పరికరం కరెంటు కోసేసినప్పుడు దాన్ని అనుమానించే ముందు నీళ్ళలో దిగే మనిషిని అడగాలి. ఇది ఆయన దగ్గర నేర్చుకున్నది. రెండోది నా అంతట నేను నేర్చుకోవాల్సి వచ్చింది. పని సగంలో ఉండగా పూజకు ఆపనిచ్చిందెవరో, పరీక్ష లేకుండా దింపనిచ్చిందెవరో రిపోర్టులో ఉండాలి. ఆ రెండు చోట్లా ఉండవలసింది నా పేరు.