తిన్నాక లేవని ఆదివారాలు

పాసిర్ రిస్‌లో మా ఎదురు ఫ్లాట్ అర్జెంటీనా ఆంటీ పోయారు. లిఫ్ట్ దగ్గర కింది అంతస్తు తెలుగు అంకుల్ చెప్పారు, "నిన్న హాస్పిటల్లోనే పోయారంటమ్మా, నీకు తెలీదా?" అని. తెలీదు. నేనేం బంధువునని నాకు ఎవరైనా ఫోన్ చేస్తారు? కూరగాయల సంచి పట్టుకుని పైకొచ్చి, తాళం వేసి ఉన్న ఆ తలుపు ముందే ఏడ్చాను.

భర్త ఉద్యోగం కోసం వచ్చి, ఆయన పోయాక కూడా ఇక్కడే ఉండిపోయారావిడ. ఎవరు కనబడినా చెంపకు చెంప ఆనించి పలకరించేవారు. మా ఆయన మాత్రం గుమ్మం లోపలి నుంచే దణ్ణం పెట్టేసి తప్పించుకునేవారు.

మొదటిసారి ఆదివారం భోజనానికి పిలిచినప్పుడు ఎంపనాదాలు చేశారు. చూడ్డానికి మన కజ్జికాయలే. నా కోసం లోపల మాంసం బదులు మొక్కజొన్న, చీజ్ పెట్టారు. కడుపునిండా తిన్నాను. తిన్న చెయ్యి ఎండకూడదు కదా, వెంటనే లేచి కడుక్కుని, పళ్లేలు సింకులో వేసి, వెళ్లొస్తానన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. "ఉప్పు ఎక్కువైందా? నేనేమైనా అన్నానా?" అని అడిగారు. వాళ్ల దేశంలో ఆదివారం భోజనం తినడంతో అయిపోదట. ఖాళీ పళ్లేల ముందే కూర్చుని సాయంత్రం దాకా కబుర్లు చెప్పుకుంటారట. దానికి సోబ్రెమేసా అని పేరు కూడా ఉంది. "తినేసి లేచిపోవడానికైతే కింద తిండి దుకాణాల హాకర్ సెంటర్ ఉందిగా, మా ఇంటికెందుకు?" అనేవారు.

ఎంగిలి పళ్లేలు ముందుంటే నాకు మొదట్లో ఒళ్లంతా జెర్రులు పాకినట్టుండేది. వాటి మీదికి చెయ్యి పోగానే ఆవిడ నా మణికట్టు పట్టుకుని, నా దగ్గర నేర్చుకున్న ఒకే ఒక్క తెలుగు మాట అనేవారు: "కూర్చో." ఆ మాటకొస్తే హాకర్ సెంటర్లోనూ కదిలేవారు కాదు. ట్రేలు పట్టుకుని జనం సీటు కోసం మా నెత్తిన నిలబడి చూస్తుంటే నేను సిగ్గుతో చచ్చేదాన్ని.

మా ఇంట్లో మా ఆయన తింటూనే షిఫ్టుకి పరిగెడతారు. అమ్మాయి పళ్లెంతో గదిలోకి పోతుంది. వారమంతా నన్నెవరూ అడగని సంగతులన్నీ ఆవిడ బల్ల దగ్గరే చెప్పుకున్నాను. మా అమ్మ పోయినప్పుడు కూడా అక్కడే ఏడ్చాను. అంత ఓపిగ్గా నా మాట విన్నవాళ్లు ఈ ఊళ్లో ఇంకెవరూ లేరు.

పోయిన ఆదివారం ఫ్లాట్ ఖాళీ చెయ్యడానికి ఆవిడ తమ్ముడు వచ్చారు. భోజనానికి పిలిచాను. పప్పు, బెండకాయ వేపుడు, పెరుగు. మా ఆయన తిని డ్యూటీకి వెళ్లిపోయారు. "అమ్మా, ఫినిష్ ఆల్రెడీ లా, ఇంకా ఎందుకు కూర్చున్నారు?" అంటూ అమ్మాయి గదిలోకి పోయింది. ఆవిడ తమ్ముడు లేవలేదు. నేనూ లేవలేదు. ఆయనకు ఇంగ్లీషు అంతగా రాదు, నాకు స్పానిష్ అసలే రాదు. బయట వాన మొదలై, వెలిసింది. చేతికి పప్పు ఎండిపోయింది. ఇద్దరం అలాగే కూర్చున్నాం.

వెళ్తూ ఆయన కుర్చీని బల్ల కిందికి నెట్టలేదు. ఇవాళ మళ్లీ ఆదివారం. ఆ కుర్చీ అలాగే ఉంది, ఎవరో మంచినీళ్లు తెచ్చుకోవడానికి లేచినట్టు.