గ్రూపులో పెట్టని చావు కబురు

మా పెద్దమ్మ పోయింది. సూర్యాపేట దవాఖాన నుంచి నేరేడుచర్లకు తీసుకొచ్చాం. ఆ కబురు కాలనీ వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దని ఆమే చెప్పిపోయింది. అందుకే నేనూ మా అన్నా ఇంటింటికీ నడిచివెళ్లి చెప్పాం.

ఎందుకో మీకు చెప్పాలి. పెద్దమ్మది రైసు మిల్లుల దారిలో ఇడ్లీ బండి. పొద్దున్నే హమాలీలంతా అక్కడే తినేవాళ్లు. ఎవరైనా మళ్లీ చట్నీ అడిగితే "ఇడ్లీ తింటున్నవా, చట్నీ తాగుతున్నవా?" అని వెక్కిరిస్తూనే పోసేది. ఆమెది బటన్ ఫోను. మా వీధిలో సగం మందిదీ అంతే. ల్యాబువాళ్లు రిపోర్టు పంపాలన్నా, హెల్త్ కార్డుకు ఓటీపీ కావాలన్నా అందరూ మెడికల్ షాపాయన నంబరే చెప్పేవాళ్లు. "నా నంబరియ్యి అక్కా, నేను సూసుకుంట" అనేవాడు అతను.

మిర్యాలగూడలో చేయించిన పెద్దమ్మ రక్తపరీక్ష రిపోర్టు కూడా అతని ఫోనుకే వచ్చింది. హెపటైటిస్-బి. తిండి వల్ల అంటుకునే జబ్బు కాదది. అతను మాత్రం ఆ రిపోర్టును పేరుతో సహా గ్రూపులో పడేసి, కింద "బయట తినేవాళ్లు జాగ్రత్త" అని రాశాడు. తన జబ్బు సంగతి పెద్దమ్మ కన్నా ముందు వీధికి తెలిసింది. మర్నాడు ఇడ్లీలన్నీ మిగిలిపోయాయి.

పెద్దమ్మ నిలదీస్తే "మంచికే పెట్టిన గదక్కా" అన్నాడు. ఆ మాటను నేను ఇప్పటికీ క్షమించలేదు.

పెద్దమ్మ ఏడవలేదు. బండిని తోసుకెళ్లి సరిగ్గా అతని షాపు ఎదురుగా పెట్టింది. కొనేవాళ్లు లేకపోయినా రోజూ పొయ్యి వెలిగించేది. మెట్లెక్కబోయే ప్రతి ఒక్కరినీ ఆపి, నవ్వుతూ అడిగేది. "నీ రిపోర్టు గూడ ఆని ఫోన్లనే ఉన్నదా బిడ్డా? గ్రూపుల ఎప్పుడు పెడ్తడంట?"

షుగరు దాచుకున్నవాళ్లు, పిల్లలు పుట్టాలని గుట్టుగా మందులు వాడుతున్నవాళ్లు ఒక్కొక్కరే కంగారుపడ్డారు. నేను బండి పక్కనే కూర్చుని ల్యాబుల్లో, హెల్త్ కార్డుల్లో అతని నంబరు తీయించి వాళ్ల నంబర్లు పెట్టించాను. "ఓటీపీ నువ్వే సదువు. సదవరాకుంటే ఇంట్లోళ్లతోని సదివిచ్చుకో. దుకాణపోనికి ఎందుకు?" అనేది పెద్దమ్మ. షాపులో గిరాకీ పలచబడింది. ఒకరోజు అతనే వచ్చి "ఇగ సాలియ్యక్కా" అని బతిమాలాడు.

"మంచికే చేస్తున్న తమ్మీ" అంది.

హమాలీల్లో కొందరు మళ్లీ బండి దగ్గరికి వచ్చారు, కొందరు రాలేదు. రానివాళ్లెవరో ఆమెకు గుర్తుండేది. నాకూ గుర్తుంది.

చివరిసారి దవాఖాన కౌంటరులో ఫోను నంబరు అడిగితే, అంత ఆయాసంలోనూ "ఇది ఎవలెవలు సూస్తరు?" అని అడిగింది. "అందరూ ఇస్తున్నరమ్మా" అంది అక్కడి అమ్మాయి. "అందరి సంగతి నాకెందుకు, నా సంగతి సెప్పు బిడ్డా." ఎవరెవరు చూస్తారో ఆ అమ్మాయి కనుక్కుని వచ్చి చెప్పాకే పెద్దమ్మ నంబరిచ్చింది. ఇప్పుడు నేనూ ఎక్కడికి వెళ్లినా అదే అడుగుతున్నాను. అది ఆమె నేర్పిందే.

పాడె కట్టే వేళకు షాపాయన దండ పట్టుకుని వచ్చాడు. దండ వేసి, వెనక్కి జరిగి, ఫోను తీసి పెద్దమ్మ ముఖాన్ని ఫొటో కొట్టాడు.

"ఎవర్నడిగి తీసినవ్?" అన్నాను.

"గ్రూపుల శ్రద్ధాంజలి పెడదామని... మంచికే చెల్లె."

మళ్లీ అదే మాట. అందరి ముందు అతని చేతనే ఆ ఫొటో తీసేయించాను. తీసేసినవి దాగుండే ఫోల్డరు తెరిపించి, అక్కడా తుడిపించాను. నాకు జాలి కలగలేదు, కడుపు చల్లబడింది.

పాడె అతని షాపు ముందు నుంచే వెళ్లింది. దారికి రెండు పక్కలా వీధి మొత్తం నిలబడి ఉంది. ఒక్కరి చేతిలోనూ ఫోను లేదు.