వెనక బెంచీల కోసం

సుకన్య టీచర్ రోజూ పంజాగుట్ట మెట్రో మెట్ల దగ్గరే అమ్మతో మాట్లాడడం ముగిస్తుంది. "సాయంత్రం జల్ది వస్తనే అమ్మా" అని ఫోన్ పర్సులో వేసి, కొంగు సర్దుకుని, స్కూలు గేటు దాటేసరికి పుస్తకాల తెలుగులోకి మారిపోతుంది. క్లాసులో పిల్లలు చెప్పిన ప్రతి జవాబునీ గట్టిగా మళ్లీ చెప్పడం ఆమె అలవాటు. వెనక బెంచీలకు వినపడాలి కదా అంటుంది.

శనివారం టీచర్లంతా కూర్చుని ఆమె పాఠం వీడియో చూశారు. అందులో దివ్యశ్రీ లేచి, "ఉప్పు నీళ్లల్ల కరిగిపోతది టీచర్" అంది. "నీళ్లలో కరిగిపోతుంది" అంది సుకన్య. పిల్లలు కిసుక్కున నవ్వారు. తోటి టీచర్ ఫౌజియా వీడియో ఆపింది.

"పిల్ల కరెక్టే చెప్పింది గద మేడం, మీరు దిద్దిందేంది?"

"దిద్దలేదు, వెనకవాళ్లకి వినపడాలని..."

"నేను వెనక బెంచీల కూసునే వీడియో తీసిన. పిల్ల మాట సాఫ్ ఇనబడ్డది."

సుకన్యకు చెవులు వేడెక్కాయి. ఇంట్లో తనూ కరిగిపోతది అనే అంటుంది.

సోమవారం, ఈసారి పిల్ల మాట మార్చకూడదనుకుని, కావాలనే దివ్యశ్రీని లేపి, చక్కెర సంగతి అడిగింది. ఆ పిల్ల ఒక్కో అక్షరం కూడబలుక్కుని "నీళ్లలో... కరిగిపోతుంది" అని, సరిగ్గా పలికానా అన్నట్టు టీచర్ ముఖంలోకి చూసింది. సుకన్య వెనక్కి తిరిగి, అప్పటికే తుడిచి ఉన్న బోర్డును మళ్లీ తుడిచింది.