మీడియా రూమ్‌లోకి జరిగిన గోడ

ఇది జరిగిన మూడేళ్లకు రాస్తున్నాను. ఇది జరిగేనాటికి నాకు అక్షరం ముక్క రాదు. బడికి పోవాల్సిన వయసులో ఇటుకలు మోశాను. పెళ్లయ్యాక మా ఆయన తాపీపని చేసిన చోటల్లా ఇసుక జల్లించాను. యాభై ఎనిమిదో ఏట, అమెరికాలో ఇర్వింగ్ అనే ఊళ్లో, మా అమ్మాయి అపార్ట్‌మెంట్ పక్క బ్లాకులో ఉండే టీచరమ్మ నాతో అక్షరాలు దిద్దించింది. రాత వచ్చాక కూడా చాలాకాలం ఈ సంగతి జోలికి పోలేదు.

చదువు రాకపోయినా ఇంటి ప్లాను నాకు అర్థమవుతుంది. ఇంజనీరు ఇచ్చిన కాగితాన్ని మా ఆయన ఇసుకకుప్ప మీద పరిచి, నాలుగు మూలలా ఇటుకముక్కలు పెట్టేవాడు. కొలిచి తాడు లాగేవాడు. తాడు వెంబడి ముగ్గు పోయడం నా పని. గీత తప్పితే కాలితో చెరిపేసి మళ్లీ పోసేదాన్ని. తవ్వకం మొదలయ్యేదాకా ముగ్గు గీతకి ఎవరూ భయపడరు. ఒక్కసారి మాత్రం నేను చెరపడం మరిచిన పాత గీత మీద పునాది తవ్వేశారు. ఆ సాయంత్రమే ఇంజనీరు మా ముఠా మొత్తాన్ని పనిలోంచి పంపేశాడు.

మా అమ్మాయి ఆర్కిటెక్టు. ఇల్లు ఎలా ఉండాలన్న మొదటి ఆలోచనని పలకలాంటి టాబ్లెట్ మీద పెన్నుతో గీస్తుంది. ఆ యాప్‌లో పెద్దగా ఏమీ లేవు. నాలుగు రంగులు, ఒక రబ్బరు, వెనక లేతగా గళ్లు. పల్చటి కాగితం మీద ఇంకో పల్చటి కాగితం పరిచినట్టు, పాత గీత కనపడుతుండగానే పైన కొత్తది గీసుకోవచ్చు.

"కొలతలేవే?" అని అడిగానొకసారి.

"ఇప్పుడే వద్దమ్మా. కొలతలేస్తే క్లయింట్స్ ఇంచీల దగ్గరే ఆగిపోతారు. ఫస్ట్ ఐడియా నచ్చాలి. ఒక గడి రెండడుగులనుకో, చాలు."

ఆ వారం ఇక్కడి తెలుగువాళ్ల ఇల్లొకటి గీస్తోంది. ఆ ఇల్లాలి అత్తగారు చక్రాల కుర్చీలో ఉంటారు. ఆవిడకి కింద ఒక గది, బాత్రూమ్ కావాలన్నారు. మధ్యాహ్నం మీటింగుందని అమ్మాయి తన గది తలుపేసుకుంది. డైనింగ్ టేబుల్ మీద టాబ్లెట్ వెలుగుతూనే ఉంది. పెద్దావిడ బాత్రూమ్ గళ్లు లెక్కపెట్టాను. వెడల్పు రెండున్నర, అంటే ఐదడుగులు. అందులోనే కమోడ్. కుర్చీతో లోపలికి పోతే, పోయిన దారినే వెనక్కి రావాలి. తిరగడం కుదరదు.

వేలితో పక్కగోడని అవతలి గదిలోకి గడిన్నర జరిపాను. గీత ఎర్రగా, లావుగా, వంకరగా పడింది. అరచేత్తో తుడిచాను. చెరగలేదు సరికదా, ఇంకో రెండు మరకలు పడ్డాయి. పైన ఎక్కడో నొక్కాను. ఒక పెట్టె వచ్చింది. అందులో రెండు బటన్లు, ఒకటి బూడిదరంగు, ఒకటి నీలం. ఫోన్ నేర్పినప్పుడు అమ్మాయి చెప్పింది, ఏదైనా అడిగితే నీలం నొక్కెయ్యమని. నొక్కాను. బొమ్మ మాయమైంది. చెరిగిందనుకుని, అద్దాన్ని కొంగుతో తుడిచి వంటింట్లోకి వెళ్లిపోయాను.

సాయంత్రం ఆ ఇల్లాలు ఫోన్ చేసింది. అమ్మాయి కూర తరుగుతూ స్పీకర్‌లో పెట్టింది.

"ఏంటండీ ఇది? మా ఆయన సినిమాలు చూసుకోడానికి అడిగిన మీడియా రూమ్‌కి అడ్డంగా ఎర్రగీత! డేకేర్ పిల్లలతో గీయించారా? మీ బాస్‌కి కూడా వెళ్లింది కదా, ఆయనకీ మెయిల్ పెట్టాను."

అమ్మాయి కత్తి పక్కన పెట్టేసింది. సారీ చెప్పి ఫోన్ పెట్టేసి, టాబ్లెట్ తెరిచి చూసింది. "మీటింగ్ హడావుడిలో చెయ్యి తగిలి గీత పడుంటుంది, చూసుకోకుండా నేనే సెండ్ కొట్టేసుంటా. బుర్ర లేదమ్మా నాకు."

చెబుదామని నోరు తెరిచాను. అంతలోనే బాస్ మెసేజ్ వచ్చింది, పొద్దున తొమ్మిదింటికి తన గదికి రమ్మని.

"ఏమంటాడే?"

"ఏమో. పోయిన నెల ఇద్దర్ని లేఆఫ్ చేశారు. జాబ్ పోతే రెండు నెలల్లో ఇంకోటి దొరకాలి. లేకపోతే వీసా ఉండదు, పెట్టె సర్దుకోవడమే." నవ్వబోయింది. "నీకు హ్యాపీనేగా, రోజూ ఊరెళ్దాం ఊరెళ్దాం అంటావు."

నాకు నవ్వు రాలేదు. గీత నాదని చెప్పకుండా పొయ్యి వైపు తిరిగాను. ఆ రోజు ఇంజనీరు ముందు కూడా ఇలాగే నోరు పెగల్లేదు. పాత గీత నాదేనని చెప్పి ఉంటే, మిగతావాళ్లనైనా ఉంచేవాడేమో. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశాను. వంక పెట్టకుండా తినే పిల్ల కాదు. ఆ పూట ఏమీ అనకుండా తింది. అది చూసి నాకు ఇంకా భయమేసింది.

మర్నాడు ఉదయం తను స్నానానికి వెళ్లగానే, బియ్యప్పిండి డబ్బా, తను ఆఫీసు పని చేసుకునే చక్రాల కుర్చీ తీసుకుని కిందికి దిగాను. నేనొచ్చిన కొత్తలోనే తను హెచ్చరించింది, బయట ముగ్గెయ్యకు, తెల్లపొడి చూస్తే పోలీసుల్ని పిలుస్తారని. మా కారు పక్కన పార్కింగ్ ఖాళీగా ఉంది. వంగి, అడుగులతో కొలిచి, ఆ బాత్రూమ్‌ని అసలు సైజులో నేల మీద పోశాను. కుక్కని తిప్పుతున్న ఒకాయన ఆగి చూశాడు. నేను చెయ్యి ఆపలేదు. కమోడ్ ఉండాల్సిన చోట డబ్బా పెట్టాను.

అమ్మాయి తడిజుట్టుతో, భుజాన బ్యాగుతో పరుగున వచ్చింది. "అమ్మా! ఏంటీ పని? ఎవరైనా కంప్లయింట్ చేస్తే?"

"ఆ ఎర్రగీత నాది. పంపింది కూడా నేనే."

తను ఏదో అనేలోపు కుర్చీలో కూర్చుని గది లోపలికి జరిగాను. తిరగబోయాను. డబ్బా దొర్లిపోయింది, చక్రాలు గోడ గీతని చెరిపేశాయి. లేచి, ఆ గోడని కాలితో పూర్తిగా చెరిపి, మూడడుగులు అవతల మళ్లీ పోశాను. డబ్బా నిలబెట్టి, కూర్చుని తిరిగాను. ఈసారి ఏ గీతా చెరగలేదు.

తను నేలకేసి చూస్తూ నిలబడింది. నేను కారు తలుపు తీసి ఎక్కాను.

"నువ్వెక్కడికి?"

"మీ బాస్ దగ్గరికి. గీసింది నేనేగా."

రెండుసార్లు నొక్కినా సీటు బెల్టు కొక్కెం పడలేదు. తనే వంగి పెట్టింది.