కడియం కోసం కొన్న మిషను

దయ్యాలు, గాలి, సోకు అని ఎవరైనా మొదలుపెడితే టీ గ్లాసు సగంలో వదిలేసి లేచిపోయే రకం నేను. చిక్కబళ్లాపురంలో మోటార్ రివైండింగ్ షాపు నాది. కాలిపోయిన బోరు మోటారు వస్తే విప్పి, రాగి తీగ మళ్ళీ చుట్టి ఇస్తాను. మోటారు తిరగలేదంటే ఎక్కడో ఒక కారణం ఉంటుంది, ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. ఎవరి దిష్టో తగిలి కాలిన మోటారును నేనింతవరకూ చూడలేదు.

అలాంటి నువ్వు ఇది రాయడమేమిటని మా ఆవిడ నవ్వింది. నవ్వనీ. జరిగింది జరిగినట్టు రాస్తాను. చదివినవాళ్లలో ఎవరైనా కారణం చెప్పగలిగితే వాళ్ళకో దండం.

మా మేనత్త రత్నమ్మది మండికల్ దగ్గర పల్లె. మామ పోయి చాలా ఏళ్లయింది. రెండు ఆవులు, కాస్త టమోటా తోట పెట్టుకుని ఒక్కతే బతుకుతోంది. ఆమెకు పెళ్లయిన కొత్తలో ఒక ఆడపిల్ల పుట్టి, ఏడాది నిండకుండానే నెమ్ము చేసి పోయింది. ఆ తర్వాత పిల్లలు కలగలేదు. మా ఇళ్లలో అందరికీ తెలిసిన సంగతే, కానీ ఎవరూ ఆ మాట ఎత్తరు.

మా వైపు పసిబిడ్డలు పోతే పూడుస్తారు. తల్లిని అక్కడికి రానివ్వరు. తర్వాతైనా జాగా చూపించరు. చూపిస్తే రోజూ పోయి అక్కడే కూర్చుంటుందని మగవాళ్ల భయం. మామా, ఆయన తండ్రీ బిడ్డను ఎత్తుకుపోయి, తిరిగొచ్చాక ‘చెరువు తూర్పు ఒడ్డున’ అని మాత్రం చెప్పారట. అంతకుమించి మామ బతికున్నన్నాళ్లూ నోరు విప్పలేదు. ఇంట్లోంచి తీసుకుపోయే ముందు బిడ్డ కాళ్లకున్న వెండి కడియాలు తీయబోతే ఒకటే వచ్చింది. రెండో కాలు వాచిపోయి కడియం కదల్లేదు, అలాగే వదిలేశారు. వచ్చిన ఒంటి కడియం ఇన్నేళ్లూ అత్త పెట్టెలోనే ఉంది.

వానలు బాగా పడ్డ ఏడాది ఆ చెరువు నడుమ నీళ్లు నిలిచేవి తప్ప, తూర్పు ఒడ్డుకు ఎన్నడూ ఎక్కింది లేదు. ఇప్పుడు బెంగళూరులో శుద్ధి చేసిన నీళ్లను పైపుల్లో తెచ్చి మా వైపు చెరువులకు వదులుతున్నారు. బోర్లలో నీళ్లు పైకొస్తాయని ఊళ్లన్నీ సంబరపడ్డాయి. బోర్లు బాగుంటే నాకు గిరాకీ తగ్గుతుంది, అయినా నేనూ సంబరపడ్డాను. అత్త మాత్రం ఒకరోజు పొద్దున డెయిరీలో పాలు పోసేసి, నేరుగా బస్సెక్కి మా షాపుకొచ్చి స్టూలు మీద కూర్చుంది.

“మంజా, నీళ్లు తూర్పు దిక్కుకు వస్తాండాయి. నెమ్ముతో పోయిన బిడ్డను నీళ్లల్లో పెట్టి నేనెట్ల నిద్రపోయేది?” అంది.

ఎముకలు దొరకవని ఆమెకూ తెలుసు. ఆ రెండో కడియం దొరికిన చోట దోసెడు మట్టి తీసుకుని, రెంటినీ తన చేనిగట్టున మెరక మీద పెట్టుకుంటానంది. నీళ్లు అక్కడికి రాకముందే ఆ పని కావాలంది.

ఎండాకాలంలో చెరువుల ఒడ్డున మెటల్ డిటెక్టర్ పట్టుకుని పాత నాణేలు వెతకడం నాకు సరదా. చింతామణిలో తెలిసినాయన దగ్గర పాత మిషనొకటి కొన్నాను. దాన్నే తీసుకుని ఆ ఆదివారం అత్తతో పోయాను. పోయిన పది నిమిషాలకే నా తల ప్రాణం తోకకొచ్చింది. మా ఎర్రమట్టిలో ఇనుము పాలు ఎక్కువ. ఆ మిషనుకు మట్టే ఇనుములాగా కనిపించి అడుగడుక్కీ అరిచింది. ఒడ్డున తడి బంకమట్టిలోకి దిగితే ఇంకోరకంగా అరిచింది. అరిచిన చోటల్లా తవ్వితే బీరుసీసా మూతలు, గుట్కా రేకులు. పొద్దున నీళ్ల అంచున ఒక పుల్ల గుచ్చి పెట్టాను. సాయంత్రం చూస్తే పుల్ల నీళ్లలో నిలబడి ఉంది.

మంచి మిషను కొనక తప్పదనుకున్నాను. ఇక్కడ కొంచెం మిషన్ల గురించి చెప్పాలి, ఎందుకంటే తర్వాత జరిగినదానికి ‘మిషను చెడిపోయి ఉంటుంది’ అని తేల్చేసేవాళ్లే ఎక్కువ. చెరువు నీళ్లు ఉప్పునీళ్లు కావు కాబట్టి సముద్రపు ఒడ్డు కోసం చేసిన ఖరీదైన మిషను అక్కర్లేదు. కింద ఉండే చక్రం లాంటి కాయిల్ నీళ్లలో మునిగినా పాడవకుండా ఉంటే చాలు. అసలు చిక్కంతా మట్టితోనే. మట్టిలోని ఇనుమును లెక్కలోంచి తీసేసి, వస్తువుకు మాత్రమే మోగేలా సర్దుకునే మిషను కావాలి. దొరికింది ఇనుమో వెండో చెప్పే అంకె ఊగిసలాడకుండా నిలబడాలి.

బెంగళూరులో షాపువాడి మాట నమ్మి కొనే మనిషిని కాను. ఒక సంచిలో ఎర్రమట్టి, ఇంకో సంచిలో చెరువు బంకమట్టి, జేబులో అత్త కడియం పెట్టుకుని బస్సెక్కాను. మట్టిని బెంగళూరుకు మోసుకుపోయేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశానని కండక్టరు గొణిగాడు. షాపువాడు నీళ్లలో మునిగి వెతికే మిషనొకటి నాకు అంటగట్టాలని శతవిధాలా చూశాడు. నేను కదల్లేదు. వాడి గచ్చు మీద రెండు సంచుల మట్టీ పోయించి, కడియం లోపల పెట్టి, ఒక్కో మిషనూ ఆడించి చూశాను. ఒక మిషను మాత్రం ఒట్టి మట్టి మీద నోరెత్తలేదు. కడియం మీద ఎటునుంచి పోనిచ్చినా సన్నగా, రెండుసార్లు మోగి డెబ్బై తొమ్మిది చూపించింది. ఎర్రమట్టిలో అదే అంకె, బంకమట్టిలో అదే అంకె, చేత్తో గాల్లో పట్టుకున్నా అదే అంకె. దాన్నే కొన్నాను. ఇంటికొచ్చి, అక్కడ ఎదురుచూస్తున్న అత్తకు ఆ మోత వినిపించి, పోతే కష్టమని కడియాన్ని మా ఆవిడ చేతికిచ్చి బీరువాలో పెట్టించాను. ఆ రాత్రికే అత్తను ఆమె ఊళ్లో దింపాను.

మర్నాడు పొద్దున్నే చెరువు దగ్గరికి పోయాం. నేను గుచ్చిన పుల్ల ఎక్కడా కనిపించలేదు. తూర్పు ఒడ్డున నాలుగు బారల వెడల్పు పొడినేల మిగిలి ఉంది, అంతే. ఊరి నీరుగంటి, అంటే చెరువు తూము చూసుకునే పెద్దాయన, గట్టు దిగి వచ్చాడు. మేము నిధి కోసం తవ్వుతున్నామని ఊళ్లో అప్పుడే మాట లేచిందట. పోలీసులొస్తే తను అడ్డుపడలేనన్నాడు. అత్త విషయం చెప్పాక నీళ్ల అంచు వైపు చూశాడు.

“బిరబిర చూసుకోండప్పా. రేపటికి ఈడంతా నీళ్లే,” అని చెప్పి వెళ్లిపోయాడు.

తొందరపడితే జాగా తప్పిపోతుంది, నిదానిస్తే నీళ్లు వచ్చేస్తాయి. మిషనుకు అడ్డు తగలకుండా ఫోను ఆపేశాను. అక్కడికి దగ్గరలో కరెంటు తీగలు లేవు. అత్త ఒక కొస పట్టుకుంటే తాడు లాగి నేలను పట్టీలుగా చేసుకుని, ఒక్కో పట్టీ మీద మిషను ఆడిస్తూ పోయాను. మిషను బుద్ధిగా పనిచేసింది. మూతలకు మూతల అంకె, రేకులకు రేకుల అంకె. వెండి మాత్రం లేదు. ఎండ ముదిరింది. అంతసేపూ అత్త గట్టు మీది రాయి మీద కూర్చుని చూస్తోంది.

పొడినేల సగానికి పైగా అయిపోయాక అత్త లేచి వచ్చి నా పక్కన నడవడం మొదలుపెట్టింది. కాసేపటికి మిషను సన్నగా, రెండుసార్లు మోగింది. డెబ్బై తొమ్మిది.

అత్త ఎడమ పాదం పక్కన మోగింది. ఆమెను జరగమని అక్కడ మోచేతి లోతు తవ్వాను. ఏమీ లేదు. గుంటలో మిషను పెట్టాను, మోగలేదు. తీసిన మట్టి మీద పెట్టాను, మోగలేదు. విసుక్కుంటూ ముందుకు కదిలాను. అత్తా నాతోనే కదిలింది. మళ్లీ మోగింది, మళ్లీ అదే అంకె, మళ్లీ ఆమె ఎడమ పాదం పక్కనే. అక్కడా తవ్వాను, అక్కడా ఉత్తదే.

అప్పుడు వెలిగింది, అత్త దగ్గరే ఏదో ఉందని. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను. వక్కాకు సంచి తీయించి దూరంగా గట్టు మీద పెట్టించాను. మామ పోయినప్పటి నుంచీ కాళ్లకు మెట్టెలు లేవు, మెడలో పసుపుతాడు లేదు. రవిక హుక్కులు ఇనుము, వాటి అంకె వేరు. చెవుల కమ్మలు కూడా తీసిమ్మంటే తీసి నా జేబులో వేసింది. ఆ చొక్కా కూడా విప్పి సంచి పక్కన పెట్టి వచ్చాను.

“నా దగ్గర ఏముండాదప్పా?” అంటూ కొంగు దులిపి చూపించింది.

ఆమెను కదలొద్దని చెప్పి మిషనును పాదం నుంచి మెల్లగా పైకి లేపాను. పైకి లేపేకొద్దీ మోత బలంగా వచ్చింది. మోకాలి దగ్గర కంటే నడుము దగ్గర గట్టిగా. ఆమె ఎడమ చెయ్యి మోచేతి దగ్గర వంగి, ఒంటికి కాస్త ఎడంగా ఉంది. ఆ చేతికీ నడుముకీ మధ్య ఖాళీ దగ్గర మిషను అన్నిటికన్నా గట్టిగా మోగింది. డెబ్బై తొమ్మిది. అంకె ఊగలేదు. కుడిపక్క పెట్టి చూశాను, చప్పుడు లేదు. వీపు వైపు పెట్టాను, లేదు. మళ్లీ ఎడమ చంక దగ్గరికి తెస్తే మోగింది.

భయమేసిందని చెప్పడానికి సిగ్గేమీ లేదు. చేతులు రెండూ పైకెత్తమన్నాను. కుడిచెయ్యి ఎత్తింది. ఎడమది ఎత్తలేదు.

“అదీ ఎత్తత్తా,” అన్నాను.

“ఎత్తలేను మంజా,” అంది.

పొద్దున ఆ చేత్తోనే పాలక్యాను మోసింది. తాడు లాగి పట్టుకుంది. ఆ చేతికి ఏ నొప్పీ లేదు. నేను మిషను కిందికి దించేశాను. అత్త నా ముఖంలోకి చూసింది. ఆమె ముఖంలో భయం లేదు, అదే నన్ను ఇంకా కంగారుపెట్టింది.

“నిన్న ఇంట్లో వినిపిస్తివే, అదే సద్దు కదా?” అని అడిగింది. అవునన్నాను. “అయితే తవ్వేది చాలు. ఇంటికి పోదాం పా,” అంది.

ఇంకా కొంచెం నేల మిగిలి ఉందని చెప్పాను. పట్టించుకోలేదు. దూరంగా పోయి ఫోను ఆన్ చేసి మా ఆవిడకు చేశాను. బీరువా తీసి కడియం చేత్తో పట్టుకుని చెప్పు అన్నాను. చేతిలోనే ఉంది, ఎందుకంత కేకలేస్తున్నావని తిట్టింది.

ఎండ మాడ్చేస్తుంటే అత్త ఎడమవైపు కొంగు చుట్టూ కప్పుకుని నా బండెక్కింది. ఎప్పుడూ రెండు చేతులతో నా భుజాలు గట్టిగా పట్టుకుని, మెల్లగా పోరా అని సతాయించే మనిషి. ఆరోజు కుడిచెయ్యి ఒక్కటే నా భుజం మీద ఉంది. దారిలో ఒక్క మాట మాట్లాడింది. గాలి కొడతాండాది, నిదానంగా పో అంది. నాకు వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేకపోయింది.

మర్నాటికి తూర్పు ఒడ్డు మునిగిపోయింది. అత్త ఆ చెరువు మాట మళ్లీ ఎత్తలేదు. బీరువాలోని కడియం తెచ్చివ్వమని మాత్రం కబురు పంపింది, ఇచ్చి వచ్చాను. బాగా నిద్రపోతోందట. మనిషి తేరుకుంది. 

మిషనును విప్పి చూశాను. కాయిల్ బాగుంది, వైరు బాగుంది, బ్యాటరీ బాగుంది. మా షాపుకొచ్చిన వాళ్లందరి పక్కనా పెట్టి చూశాను, ఎవరి చంకలోనూ మోగలేదు. బాగేపల్లిలో మా బావమరిది కరెంటు పని చేస్తాడు. ఏదైనా సిగ్నల్ కలిసుంటుందన్నాడు. కలిస్తే అంకెలు పిచ్చిపట్టినట్టు మారాలి కానీ ఒకే అంకె, ఒకే చోట ఎలా నిలబడుతుందని అడిగితే తల గోక్కున్నాడు.

మొన్న అత్త ఊరికి పోతూ మిషను బండికి కట్టుకుని పోయాను. ఒక్కసారి, ఊరికే, ఆమె పక్కన పెట్టి చూడాలని. అత్త కాఫీ కలుపుతోంది, కుడిచేత్తోనే. ఆ ఎడమచెయ్యి వంపు చూస్తూ వాకిట్లో చాలాసేపు నిలబడ్డాను. మోగితే నా బుర్రకు మళ్లీ నిద్ర ఉండదు, అది నా ఖర్మ అనుకోవచ్చు. మోగకపోతే? ఆ బిడ్డ యాడుండాదని అత్త అడిగితే ఏం చెప్పను? కట్టిన తాడు విప్పకుండానే, కాఫీ తాగి వచ్చేశాను.