అమ్మ ఊపిరికి నా లెక్క

నా చిన్నప్పుడు శుక్రవారం పొద్దున అంటే మా పక్కింటి ఆంటీ వాళ్ల హాలు. రియాద్‌లో బతా బజారుకు దగ్గరగా, కింద దుకాణాలూ పైన అద్దె ఇళ్లూ ఉన్న ఒక పాత బిల్డింగులో ఉండేవాళ్లం. ఆంటీ సోఫాలు గోడకు జరిపి, తలుపు గడియ పెట్టి, తెరలు దించి, బిల్డింగులోని కొందరు ఆడవాళ్లకు అష్టాంగ యోగా నేర్పేది. అక్కడ యోగా నేర్పవచ్చో లేదో అప్పట్లో మాలో ఎవరికీ సరిగ్గా తెలియదు. అందుకని ఆంటీ ఆసనాల లెక్క గట్టిగా చెప్పేది కాదు. బయట ఎవరైనా అడిగితే ఎక్సర్‌సైజు అని చెప్పమనేది.

మా అమ్మ క్లినిక్‌లో నర్సు. మంచాల మీది రోగులను లేపీ పడుకోబెట్టీ నడుము పాడు చేసుకుంది. మేము గోదావరి వైపు క్రైస్తవులం. ప్రార్థనకు వచ్చే ఒకామె, "యోగాలు చేస్తే దేవుడు ఊరుకుంటాడా వదినా?" అని దెప్పితే అమ్మ నవ్వి, "ముందు నా నడుము ఊరుకోవట్లేదు కదా వదినా" అనేది. ఆంటీ దగ్గరికి వెళ్లడం మొదలుపెట్టాక అమ్మ రాత్రిళ్లు అటూ ఇటూ తిరిగి పడుకోగలిగింది. ఆ సంగతి మా ఇంట్లో చిన్న విషయం కాదు.

ఆంటీ హైదరాబాదు మనిషి. పెళ్లికి ముందు అక్కడే నేర్చుకుంది. ఆమె పద్ధతి ఏమిటంటే, శుక్రవారం తను లెక్క చెబుతుంది, అందరూ ఆ లెక్కతో కలిసి చేయాలి. ఏకం అనగానే ఊపిరి తీస్తూ చేతులు పైకి, ద్వే అనగానే ఊపిరి వదులుతూ నేలకు. మిగతా రోజులు ఎవరి ఇంట్లో వాళ్లు లెక్క లేకుండా, తమ ఊపిరి ఎంత పొడవుంటే అంత నిదానంగా చేసుకోవాలి. మధ్యలో మరిచిపోతే నిలబడి ఆలోచించాలి, గుర్తు రాకపోతే అక్కడికే ఆపి పడుకోవాలి. మరిచిపోవడం కూడా నేర్చుకోవడంలో భాగమే అనేది.

నాకు లెక్కంతా నోటికి వచ్చు. ఆడవాళ్ల వెనక చాప వేసుకుని నేనూ చేసేవాడిని, అందరికంటే ముందే వంగేవాడిని. మెచ్చుకోలు అలవాటైన పిల్లవాడిని. ఇంటి దగ్గర అమ్మ ఒంటరిగా చేస్తూ రెండో మూడో ఆసనం తర్వాత గోడ వైపు చూస్తూ నిలబడిపోతే నాకు చిరాకు వేసేది. ఒకరోజు నేనే లెక్క అందుకున్నాను. అమ్మ చక్కగా చేసుకుపోయింది. "నువ్వుంటే నాకు హాయిగా ఉందిరా" అంది. ఆ మాటతో నేను పొంగిపోయాను. అప్పటినుంచి రోజూ నేను చెప్పడం, ఆమె చేయడం. పిల్లవాడి ఊపిరి పొట్టిది, నా లెక్క కూడా అంతే పొట్టిగా ఉంటుందని నాకు తోచలేదు. అమ్మ నడుము మళ్లీ పట్టేయడం మొదలైతే, డ్యూటీ ఎక్కువైందని అనుకున్నాం.

అవి నితాకత్ రోజులు, కంపెనీలు సౌదీవాళ్లను పెట్టుకుని తీరాలన్న నియమం వచ్చిన కాలం. తర్వాత కుటుంబంలో తలకింత అని కట్టాల్సిన లెవీ కూడా వచ్చింది. నాన్న కంపెనీలో ఆయన కుర్చీ సౌదీ కుర్రాడికి వెళ్లింది, అక్కడ ఉండనిచ్చే ఆయన ఇకామా రెన్యూ కాలేదు. నాన్నా నేనూ ఫైనల్ ఎగ్జిట్ మీద, ఇక తిరిగి రాకుండా, ఊరికి వెళ్లిపోవాలి. అమ్మను మాత్రం క్లినిక్ వదులుకోలేదు. ఖఫ్జీలో ఉన్న తమ ఇంకో బ్రాంచికి పంపుతామంది. కువైట్ సరిహద్దు దగ్గరి ఊరు అది. అక్కడ నర్సుల క్వార్టర్స్‌లో అమ్మ ఒక్కతే ఉండాలి. ఆంటీ ఉండదు, నేనూ ఉండను. ఆ నడుముతో డ్యూటీ చేయలేకపోతే ఆమె కూడా వచ్చేయాలి, వచ్చేస్తే మేం ముగ్గురం తినేదెలాగో ఎవరికీ తెలియదు. అంటే అమ్మ తనంతట తాను చేయడం నేర్చుకోక తప్పదు.

ఆంటీ ఆ వారం ఒక్క అమ్మనే పిలిచింది. నేనూ వెంట వెళ్లాను. లెక్క చెప్పకుండా, "చేయి అక్కా, నేను చూస్త" అని కూర్చుంది. అమ్మ చేతులు పైకెత్తి నా వైపు చూసింది. నా పెదాలు కదిలాయి. ఆంటీకి అంతా అర్థమైంది.

"రోజూ నువ్వే చెప్తున్నవా?"

"అవును ఆంటీ. నాకు మొత్తం వచ్చు."

"నీకొస్తే ఏం లాభం రా? నొప్పి మీ అమ్మది గదా." కోపంగా అనలేదు. నన్ను వంటింట్లోకి తీసుకెళ్లింది. పాయసానికని స్టవ్ మీద పాలు పెట్టి, గరిటె నా చేతికిచ్చింది. "ఇవి సగమయ్యేదాంక కలుపుతుండు. అడుగంటినయనుకో, నీ సంగతి చెప్త." బయటికి వెళ్తూ తలుపు దగ్గరగా వేసింది. పాయసం ఎవరికీ అక్కరలేదని, నన్ను అమ్మ కళ్ల ముందు నుంచి తీయడానికే ఆ పని అని నాకు చాలా కాలానికి గాని తెలియలేదు.

పాలు కలుపుతుంటే హాల్లోంచి ఒక శబ్దం వినిపించింది. గొంతు లోపలి భాగాన్ని కొంచెం బిగించి తీసే ఆ ఊపిరికి ఒక సన్నని రాపిడి ఉంటుంది. అది అమ్మ ఊపిరి. నేను దాన్ని అంతకుముందు ఎప్పుడూ వినలేదు, రోజూ నా గొంతు దాన్ని కప్పేసేది. అది ఎంతో పొడవుగా ఉంది. నేను రెండు అంకెలు చెప్పేంతసేపు ఆమె ఒక్క ఊపిరి తీస్తోంది. మధ్యలో ఆగింది. మరిచిపోయిందనుకున్నాను. ఆంటీ ఏమీ అనలేదు. కొంతసేపటికి ఊపిరి మళ్లీ మొదలైంది. అమ్మకు తనంతట తనకే గుర్తొచ్చింది.

నేను సంతోషించాల్సిన క్షణం అది. నాకు సంతోషం కలగలేదు. నేను లేకుండా ఆమెకు వస్తోందని అసూయ పుట్టింది. తలుపు సందులోంచి చూశాను. అమ్మ చేతులూ కాళ్లూ నేలకు ఆనించి, నడుము పైకెత్తి, తల వేలాడేసి ఉంది. సూర్యనమస్కారంలో కాసేపు నిలిచి ఊపిరి తీయాల్సిన చోటు అది. దాని తర్వాతి అంకె సప్త. అప్పుడు కాళ్లు ఎగరేసి చేతుల మధ్యకు తేవాలి.

"సప్త!" అని గట్టిగా అరిచాను.

అమ్మ కాళ్లు ఎగిరాయి. ఆమె అనుకుని చేసింది కాదు. నెలల తరబడి నా గొంతుకు కదలడం అలవాటైన శరీరం అది. సగం వదిలిన ఊపిరితో ఎగిరి, ఒక కాలు ముందూ ఒక కాలు వెనకా పడి, "అమ్మా" అని అలాగే చాప మీదికి ఒరిగిపోయింది.

నాన్న వచ్చి, ఆంటీ ఒక పక్క పట్టుకుంటే, ఇద్దరూ మా ఇంటికి చేర్చారు. నన్నెవరూ తిట్టలేదు. సాయంత్రం మెట్ల మీద కూర్చున్న నా పక్కకు వచ్చి ఆంటీ మెల్లగా అడిగింది.

"వంటింట్ల ఉన్నప్పుడు మీ అమ్మ ఊపిరి వినవడ్డదా?"

"వినపడింది."

"మంచిగ చేస్తున్నదని తెలిసిందా?"

"తెలిసింది."

"మరెందుకు ఒర్రినవ్ బిడ్డా?"

జవాబు నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. ఆమె నా తల నిమిరి లేచి వెళ్లిపోయింది. ఆ నిమరడం కంటే దెబ్బ తేలికగా ఉండేది.

మేము వెళ్లిపోయే రోజుకు అమ్మ బెల్టు కట్టుకుని నిలబడగలిగింది. అదే బెల్టుతో ఖఫ్జీ వెళ్లి, మా కోసం ఏళ్ల తరబడి డ్యూటీ చేసింది. డిస్కు ముందే అరిగిపోయి ఉందని, ఎప్పుడో ఒకప్పుడు పట్టేసేదేనని తర్వాత డాక్టరు చెప్పాడు. నాన్న ఆ మాట నాకు రెండు మూడుసార్లు గుర్తు చేశాడు. నా మనసు మాత్రం దాన్ని తీసుకోలేదు.

అమ్మ సౌదీ వదిలి వచ్చేశాక ఒకసారి, ఇంకా చేస్తున్నావా అని అడిగాను. చేస్తున్నానంది. ఖఫ్జీలో డ్యూటీకి ముందు ఒక్కతే, ఎంత వస్తే అంత చేసుకునేదట. "కానీ ఆ నడుం పైకెత్తే దగ్గరికొచ్చేసరికి ఆగిపోతానురా. ఎవరైనా కేకేస్తారేమోనని. పిచ్చి" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. క్షమించమని అడగాలనుకున్నాను. ఆమె అప్పటికే వేరే మాటలోకి వెళ్లిపోయింది. ఇప్పటికీ అడగలేదు.

ఇప్పుడు నేనూ నలుగురికి పని నేర్పే చోట ఉన్నాను. కొత్తగా చేరినవాడు తడబడి, తర్వాత ఏం చేయాలో తెలియక గోడ వైపు చూస్తూ నిలబడితే, జవాబు నా నాలుక చివరి దాకా వచ్చేస్తుంది. అది వాడి మేలు కోసం వస్తున్నదా, నేను లేకుండా వాడికి వచ్చేస్తుందేమోనన్న భయంతో వస్తున్నదా అని నన్ను నేను అడుగుతాను. నోరు మూసుకుని వాడి ఊపిరి వింటూ పక్కన నిలబడతాను. కొన్నిసార్లు ఆలస్యంగా మూసుకుంటాను.