చెప్పులు విప్పే చోటుకి ఇంగ్లీషు అర్థం

జగ్గయ్యపేటలో బస్సెక్కి, నందిగామలో దిగి, ఒక ఎరువుల కొట్టు మేడ మీద జపాన్ భాష నేర్చుకునేవాణ్ణి. జపాన్‌లో ముసలివాళ్ళను కనిపెట్టుకుని ఉండే ఉద్యోగాలు ఉన్నాయన్నారు. డిగ్రీ అయ్యాక నేను కనిపెట్టుకుని ఉన్నది నా ఫోన్ ఒక్కదాన్నే. ఆ ఉద్యోగం నాకు నిజంగా కావాలి. దానికి ముందు ఇంటర్వ్యూ నెగ్గాలి.

క్లాసులో తెలుగు మాట్లాడితే బయట నిలబెట్టేవారు. సార్ ఇచ్చిన కాగితాల్లో ఎడమవైపు జపనీస్ మాట, కుడివైపు దానికి ఇంగ్లీషు అర్థం. సార్ ఎప్పుడూ జపాన్ వెళ్ళలేదు. అందులో తప్పేం లేదు, నేనూ వెళ్ళలేదు. కాకపోతే నేను ఫీజు వసూలు చెయ్యలేదు.

చదువు మాత్రం మాకు చిన్నప్పటి నుంచీ అలవాటైన పద్ధతే. సార్ మాట అంటారు, మేం గొంతెత్తి రాగం తీస్తూ అర్థం అప్పజెబుతాం. ఎరువుల కోసం వచ్చిన రైతులు పైన భజన జరుగుతోందనుకునేవారు.

"గెంకాన్!"

"యాన్ ఎంట్రన్స్ వెస్టిబ్యూల్ ఆఫ్ ఎ జాపనీస్ డ్వెల్లింగ్!"

వెస్టిబ్యూల్ అంటే ఏమిటో మాలో ఒక్కరికీ తెలీదు. ఇంటికొచ్చి నిఘంటువు తీస్తే యాంటీచాంబర్ అని ఉంది. యాంటీచాంబర్ చూస్తే వెస్టిబ్యూల్ అని ఉంది. ఒకరికొకరు జామీను ఉన్నారన్నమాట. విసుగొచ్చి ఫోన్లో బొమ్మ వెతికితే అప్పుడు కనపడింది: వీధి తలుపు లోపల, చెప్పులు విప్పే చోటు!

ఒళ్ళు మండిపోయింది. చెప్పులు విప్పి లోపలికి రమ్మని మా అమ్మ నాకు నడక వచ్చినప్పటి నుంచీ అరుస్తూనే ఉంది. ఆ అరుపుతో తేలిపోయే మాటకి నన్ను లండన్ మీదుగా తిప్పారు.

ఇంటర్వ్యూ మా క్లాసు గదిలోనే, అందరి ముందూ, వీడియో కాల్‌లో జరిగింది. జపాన్ నుంచి ఒక పెద్దావిడ, మెల్లగా, విడివిడిగా, జపనీస్‌లో అడిగింది: గెంకాన్‌లో మీరేం చేస్తారు?

నాకు ప్రశ్న అర్థమైంది. జవాబూ తెలుసు. కానీ గెంకాన్ అని చెవిన పడగానే నా నోరు నన్నడక్కుండా తెరుచుకుంది. "యాన్ ఎంట్రన్స్ వెస్టిబ్యూల్..." అని రాగంతో సహా అందుకున్నాను. వెనక కూర్చున్నవాళ్ళందరూ కోరస్ కలిపారు. ఆవిడ కంగారుపడి హెడ్‌ఫోన్ సర్దుకుంది. చివర్న వంగి నమస్కారం పెట్టి, సోమవారం మళ్ళీ అడుగుతాను, ఈసారి జపనీస్‌లో చెప్పండి అంది.

కాల్ కట్టయ్యాక సార్ తీర్పు చెప్పారు: "మీకు ఇంగ్లీష్ వీక్. రేపట్నుంచి రోజూ ఎక్స్‌ట్రా ఒక గంట ఇంగ్లీష్."

నేను లేవబోతుంటే పక్కనున్న మైలవరం అమ్మాయి నా చొక్కా పట్టుకుని లాగింది. "ఊరుకో అన్నయ్యా, నోరెత్తితే సోమవారం దాకా కూడా ఉండనివ్వరు నిన్ను."

ఊరుకోలేదు. "ఆవిడ ఇంగ్లీష్ అడగలేదు సార్! గుమ్మంలో ఏం చేస్తారండీ అనడిగింది. చెప్పులు విప్పుతామండీ అంటే అయిపోయేది. చెప్పులకి వెస్టిబ్యూల్ ఎందుకండీ?"

"తెలుగు! గెటవుట్!"

నా జీవితంలోకెల్లా గొప్ప ఉపన్యాసం అక్కడితో ముగిసింది. చప్పట్లు కొట్టినవాళ్ళు లేరు. వచ్చి తలుపు బయట, అందరి చెప్పుల మధ్య నిలబడ్డాను. తన్నడానికి చెప్పుల కుప్ప తప్ప ఏమీ లేదు. దాన్నే తన్నాను. నా చెప్పు ఒకటి మెట్ల మీదుగా కిందికి పోయింది.

అంతలో అమ్మ ఫోన్ చేసింది. "ఎక్కడున్నావురా?"

"గెంకాన్‌లో."

"అదెక్కడ? పరిటాల దాటాకా?"

"కాదమ్మా. క్లాసు బయట. చెప్పులు విప్పే చోట."

"విప్పావా?"

"విప్పా."

"మరింకా అక్కడే నించున్నావేంట్రా? లోపలికెళ్ళు!"

జపాన్ ఆవిడకు కావాల్సిన జవాబు మొత్తం అంతే. మా అమ్మ ఏ కాగితమూ చూడకుండా చెప్పేసింది. ఫోన్ పెట్టేసి, ఆ మాటల్నే నాకొచ్చిన జపనీస్‌లో కూర్చుకున్నాను: చెప్పులు విప్పుతాను, తర్వాత లోపలికి వెళ్తాను. పైకే అనుకున్నాను. రాగం రాలేదు. మళ్ళీ అనుకున్నాను. అప్పుడూ రాలేదు.

కిందికి దిగి చెప్పు తెచ్చుకుని, జతచేసి పెట్టి, కాగితాలు వాటి మీదే వదిలేసి లోపలికి వెళ్ళాను. సార్ బోర్డు మీద వెస్టిబ్యూల్ స్పెల్లింగ్ రాస్తున్నారు. అదీ తప్పే. చెప్పలేదు. సోమవారం దాకా నేను ఆ గదిలో ఉండాలి.